వినిపించని మూడో భాగం

క్యాసెట్ బరువెంత ఉంటుంది? జేబులో వేసుకుంటే ఉన్నట్టు కూడా తెలియదు. అలాంటి ఒక క్యాసెట్‌ను నేను నలభై ఏళ్ళకు పైగా మోస్తున్నాను. ఇల్లు మారినప్పుడల్లా అది నాతోపాటు మారింది. ఎందుకు దాచావని నా భార్య అడిగితే పాత పాటలని చెప్పాను. అది అబద్ధం. అందులో ఒక్క పాట కూడా లేదు.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు అక్కర్లేదు. తెలిసినవాళ్ళకు చెప్పలేకపోయాను కాబట్టి మీకు చెబుతున్నాను. క్షమించమని అడగడానికి కాదు, మీరు క్షమించగలిగింది కూడా ఏమీ లేదు. విని ఊరుకోండి చాలు.

ఎనభైల మొదట్లో నేను దుబాయ్‌లో ఒక కట్టడాల కంపెనీలో టైంకీపర్‌ని. పొద్దున్నే సైటు గేటు దగ్గర కిటికీలో కూర్చుని, పనిలోకి వచ్చేవాళ్ళ కార్డులు తీసుకుని, గడియారం మిషన్‌లో గుద్ది తిరిగివ్వడం నా పని. మాది కరీంనగర్. ఇంటర్ చదివాను, టైపు నేర్చుకున్నాను, అంతే నా అర్హత. బర్ దుబాయ్‌లో బట్టల కొట్ల పైన ఒక గదిలో నలుగురం ఉండేవాళ్ళం. ఊరి బయట కూలీల క్యాంపులో ఉండే మా వైపు మేస్త్రీలకు నేను ఆఫీసు మనిషిని. ఆఫీసుల్లో పనిచేసే కోస్తావాళ్ళకు క్యాంపు యాస మనిషిని. ఇద్దరూ నాతో బాగానే మాట్లాడేవారు. ఇద్దరిలో ఎవరూ నన్ను మనవాడనుకోలేదు.

ఇంకొక సంగతి కూడా ముందే చెప్పాలి. నాకు చిన్నప్పటి నుంచి తెలుసుకోవాలనే దురద ఎక్కువ. పెరట్లో నాటిన చిక్కుడు గింజ మొలకెత్తిందో లేదోనని రోజూ తవ్వి చూసేవాణ్ణట. అమ్మ అందరికీ చెప్పి నవ్వేది. ఆ గింజ మొలకెత్తనే లేదు. నేనూ ఆ కథకు నవ్వేవాణ్ణి. దుబాయ్ నుంచి వచ్చాక నవ్వడం మానేశాను.

అక్కడ మా తెలుగువాళ్ళకు ఒక సంఘం ఉండేది. పెద్ద బోర్డులూ కాగితాలూ ఉన్నది కాదు. ఒక స్కూలువాళ్ళు దయతలచి అక్కడ సెలవు రోజైన శుక్రవారం సాయంత్రాలు హాలు ఇచ్చేవారు, అక్కడ కలిసేవాళ్ళం. మొదటి అధ్యక్షుడు ఉద్యోగం ఖలాస్ చేసుకుని ఇండియా వెళ్ళిపోయాడు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఎన్నిక అన్న మాటే లేదు. ఆయన వెళ్ళాక కొత్త అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాల్సి వచ్చింది, అప్పటిదాకా ఎవరూ పైకి అనని మాట పైకి వచ్చింది. అసలు సంఘం ఎక్కడ కలవాలి?

ఊళ్ళోని హాల్లోనే కలవాలని ఇంజనీరు మూర్తి గారి పక్షం. వాళ్ళు కుటుంబాలతో ఉండేవాళ్ళు. పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పాలి, ఉగాదికి నాటకం వెయ్యాలి అనేవారు. ఆ హాలుకు రావడానికి తమకు బండి లేదు, సంఘమే క్యాంపు మెస్సుకు రావాలని మేస్త్రీ లింబాద్రి పక్షం. లింబాద్రిది ఆర్మూరు దగ్గర పల్లె. గోడ కడితే తాడు పట్టి చూడక్కర్లేదని అతనికి పేరు. అవతలివాళ్ళు గెలిస్తే మా సంఘం మేము వేరే పెట్టుకుంటామని పోటీకి నిలబడ్డ ఈ ఇద్దరూ ముందే చెప్పేశారు.

మధ్యలో నిలబడ్డవారు దయానందం గారు.

ఆయనది పాలకొల్లు వైపు. భార్య నర్సుగా ముందు వచ్చింది. తర్వాత ఈయన అదే ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసే ఉద్యోగంలో చేరారు. శుక్రవారం పొద్దున చర్చికి వెళ్ళి, మధ్యాహ్నం ఏదో ఒక లారీ పట్టుకుని క్యాంపుకు వచ్చేవారు. పనిలో దెబ్బలు తగిలిన చేతులూ కాళ్ళూ పట్టి చూసేవారు. ఇది బెణుకు, వేడినీళ్ళ కాపడం చాలు. ఇది విరిగింది, రేపు పొద్దున్నే ఆసుపత్రికి రా, నేనుంటాను. ఆయన అలా అంటే రాని మనిషి లేడు. సాయంత్రం మళ్ళీ ఊళ్ళో మూర్తి గారింట్లో టీ తాగుతూ కనిపించేవారు. ఆయన చెప్పింది చాలా మామూలు మాట. ఒక వారం హాల్లో, ఒక వారం క్యాంపులో. సంఘం ఒక్కటిగా ఉంటే చాలు, కష్టం వచ్చినప్పుడు ఇంగ్లీషు వచ్చినవాడు రానివాడి పక్కన నిలబడతాడు, అది పోతే మళ్ళీ రాదు అనేవారు. నిలబడింది దాని కోసమే.

అదే రోజుల్లో మా గదిలో షార్ట్‌వేవ్ రేడియోలో అమెరికా అధ్యక్ష ఎన్నిక గురించి వినేవాళ్ళం. అక్కడ కూడా రెండు పక్షాలనూ కాదని ఒకాయన మధ్యలో నిలబడ్డాడట. అందరికీ నచ్చుతాడు గానీ ఎవరూ ఓటెయ్యరు అని రేడియోలో ఎవరో అన్నారు. ఆ మాట నన్ను పట్టుకుంది. నిజమేనా? మధ్యలో నిలబడ్డ మనిషి గెలవగలడా? అమెరికా దాకా ఎందుకు, చూడ్డానికి నా కళ్ళ ముందే ఒకాయన ఉన్నాడు గదా అనుకున్నాను.

కిటికీ దగ్గర కార్డు గుద్దుతూ ఒక్కొక్కరినీ అడగడం మొదలుపెట్టాను. ఎవరికేస్తావు? నోటుపుస్తకంలో గీతలు పెట్టుకునేవాణ్ణి. సాయంత్రం ఊళ్ళో ఫ్లాట్లలో టీ తాగుతూ అదే ప్రశ్న. రెండు వారాలకే తేలిపోయింది. రెండు చోట్లా దయానందం గారి పేరు కింద గీతలే ఎక్కువ. ఎనభై దాటాయి. రేడియో తప్పని రుజువైనట్టే అనిపించింది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ నేను ఇంకో ప్రశ్న అడిగాను. ఎందుకేస్తావు?

క్యాంపులో చెప్పిన జవాబు, ఆయన మనోడే. ఊళ్ళో చెప్పిన జవాబు, ఆయన మనవాడేగా.

చూశారా? ఇక నాకు నిద్ర పట్టలేదు. వీళ్ళు ఆయన మధ్యమార్గానికి ఓటేస్తున్నారా, లేక ఆయన రహస్యంగా తమ వైపే ఉన్నాడనుకుని వేస్తున్నారా? ఆయన మనవాడు కాడేమోనని ఒక్క అనుమానం వస్తే ఈ గీతల్లో ఎన్ని మిగులుతాయి? ఇది మంచి ప్రశ్న అని ఇప్పటికీ అనుకుంటాను. ప్రశ్నలో తప్పు లేదు. దాన్ని బతికున్న మనిషి మీద పెట్టి చూడటంలో ఉంది.

ఇక్కడ క్యాసెట్ సంగతి చెప్పాలి. క్యాంపులో చాలామందికి రాయడం చదవడం రాదు. ఉత్తరాలకు బదులు క్యాసెట్లు నింపి ఇంటికి పంపేవారు. ఎవరైనా సెలవు మీద వెళుతుంటే వాళ్ళ పెట్టెలో పది క్యాసెట్లు ఉండేవి. ఇంటి నుంచి క్యాసెట్ వస్తే గదిలో అందరూ చుట్టూ కూర్చుని కలిసి వినేవారు. ఎవరి భార్య ఏం చెప్పిందో అందరికీ తెలిసేది. ఉత్తరమైతే రాసినవాడు ఏం కలిపాడో అన్న అనుమానం ఉంటుంది. క్యాసెట్ మీద అనుమానం ఉండదు, గొంతు గొంతే గదా అనేవారు. నా దగ్గర జపాన్ టేప్‌రికార్డర్ ఉండేది కాబట్టి వాళ్ళ మాటలు చాలా మటుకు నేనే పట్టేవాణ్ణి.

ఎన్నికకు మూడు వారాల ముందు దయానందం గారు నా గదికి వచ్చారు. ఎన్నికయ్యేదాకా శుక్రవారాలు కూడా తనకు ఆసుపత్రిలో డ్యూటీ పడిందనీ, అన్ని గదులకూ తిరిగి మాట్లాడే తీరిక లేదనీ, ఒక క్యాసెట్ నింపి ఇస్తాననీ, క్యాంపులోనూ మూర్తి గారి వైపువాళ్ళ ఇళ్ళలోనూ వినిపించమనీ అడిగారు. రెండు వైపులా తిరిగేవాడివి నువ్వే గదా తమ్ముడూ అన్నారు. ఆ మాట నాకు గర్వంగా అనిపించింది. అది కూడా చెప్పి తీరాలి.

ఆయనకో అలవాటు ఉంది. తన మాట చెప్పే ముందు అవతలివాళ్ళ మాట పూర్తిగా చెప్పేవారు. ఏదో తీసిపారేసినట్టు కాదు. అవతలివాళ్ళే ఇంత బాగా చెప్పుకోలేరనిపించేంత గట్టిగా చెప్పేవారు. టేపులోనూ అంతే చేశారు. మొదట మూర్తి గారి పక్షం మాట, తర్వాత లింబాద్రి పక్షం మాట, చివర తన మాట. మూడు భాగాలు. ఒక్కొక్కటీ అయిదారు నిమిషాలు. ప్రతి భాగానికీ ముందు ఇది ఎవరి మాటో చెప్పి మొదలుపెట్టారు.

తర్వాతి శుక్రవారం మధ్యాహ్నం అన్నాలయ్యాక లింబాద్రి గదిలో టేపు పెట్టాను. పెట్టే ముందే మొదటి వాక్యం దాటేదాకా ముందుకు తిప్పి ఉంచుకున్నాను. 'ఇది మూర్తి గారి వైపు మాట' అన్న వాక్యం అది. దాన్ని దాటించిన ఈ వేలిని ఏమనాలి? కుతూహలం అనుకున్నాను చాలా ఏళ్ళు. కుతూహలం అంత జాగ్రత్తగా ఉంటుందా?

దయానందం గారి గొంతు గదిలో వినిపించింది. ఆ మెస్సులో ఆడవాళ్ళు ఎక్కడ కూర్చుంటారు, పసిపిల్లల్ని ఆ ఎండలో ఎలా తీసుకెళతారు, అక్కడి బాత్రూములు మీరు చూశారా అని అడుగుతోంది. ఆ భాగం అయిపోగానే బటన్ నొక్కాను. సెల్లు అయిపోయిందన్నాను. లింబాద్రి మెల్లగా అన్నాడు.

"మనం గంత గలీజుగున్నమా? గాయన గీ మంచం మీదనే కూసుండి చాయ్ తాగిండు గద సాబ్."

అతనికి కోపం వస్తుందని చూశాను. రాలేదు. సిగ్గుపడ్డాడు. తన మంచం మీది దుప్పటి సర్దుకున్నాడు. అప్పుడైనా మిగతాది పెట్టాల్సింది. సెల్లు బాగానే ఉంది. నాకు తెలుసు.

ఆ సాయంత్రమే మూర్తి గారి ఫ్లాట్‌లో, పది పన్నెండు మంది ఉండగా, రెండో భాగం పెట్టాను. అక్కడ కూడా ముందు వాక్యం దాటించి. ఏసీ హాల్లో నాటకాలాడుకునేదాన్ని సంఘమంటారా, కట్టిన ఇళ్ళలో ఉంటారు గానీ కట్టినవాడి పక్కన కూర్చోవడానికి మనసొప్పదు అని గొంతు గట్టిగా పలికింది. మూర్తి గారు కప్పు కింద పెట్టేశారు. ఇంతలో టిఫిన్లు వచ్చాయి. నేను బటన్ నొక్కాను. మిగతాది వినిపించమని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే వినిపించేవాణ్ణేమో. తెలియదు.

ఆయన గురించి అబద్ధం ఒక్కటీ చెప్పలేదు, బటన్ మాత్రమే నొక్కాను అని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. వచ్చే శుక్రవారం మూడో భాగం రెండు చోట్లా వినిపించి అంతా సరిచేద్దామనే అనుకున్నాను. నమ్మండి, అది నిజం. ముందు ఏమవుతుందో చూసి తర్వాత సరిచేయాలని. కానీ చూడటం మొదలుపెట్టాక కళ్ళు తిప్పుకోలేకపోయాను. కిటికీ దగ్గర రోజూ గీతలు మారుతున్నాయి. సోమవారం నలభై. బుధవారం ముప్ఫై. మాట ఒక గది నుంచి ఇంకో గదికి ఎలా పాకుతుందో అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. శుక్రవారం వచ్చింది, పోయింది. ఇంకో శుక్రవారం కూడా.

కుతూహలమేనా? ఇంకొకటి కూడా ఉంది. ఆయనా మధ్యలోనే ఉన్నారు, నేనూ మధ్యలోనే ఉన్నాను. ఆయన్ని రెండు వైపులవాళ్ళూ మనవాడన్నారు. నన్ను ఏ వైపూ అనలేదు. ఆ తేడా ఏమిటో తెలుసుకోవాలని కూడా ఆ బటన్ నొక్కానేమో. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది.

ఎన్నిక హాల్లోనే జరిగింది. క్యాంపువాళ్ళ కోసం బస్సు రెండు ట్రిప్పులు తిరిగింది. చదువు రానివాళ్ళు ఎక్కువ కాబట్టి చీటీలు వద్దన్నారు. తెర వెనక మూడు పాలపొడి డబ్బాలు, వాటి మీద ముగ్గురి ఫొటోలు అతికించారు. గుమ్మం దగ్గర ఒక్కొక్కరికీ ఒక ఖర్జూరం ఇచ్చారు. అది తిని, గింజను నచ్చిన డబ్బాలో వేసి రావాలి. గింజలు లెక్కపెట్టినవాళ్ళలో నేనొకణ్ణి. మూర్తి గారికి డెబ్బై ఒకటి. లింబాద్రికి అరవై ఆరు. దయానందం గారి డబ్బా బోర్లిస్తే పద్నాలుగు గింజలు పడ్డాయి. ఆ వారమే లింబాద్రి వాళ్ళు వేరే సంఘం పెట్టుకున్నారు. అదీ రెండేళ్ళు నడవలేదు.

మరుసటి శుక్రవారం దయానందం గారు నా గదికి వచ్చారు. చేతిలో సున్నుండల డబ్బా. టేపు పట్టుకుని నా కోసం అన్ని చోట్లకీ తిరిగావు, మీ వదిన చేసిచ్చింది అన్నారు. మంచం అంచున కూర్చున్నారు. ఆ రోజు మా మధ్య నడిచిన మాటలు నాకు ఒక్క అక్షరం పోకుండా గుర్తున్నాయి.

"మొత్తం విన్నారా తమ్ముడూ?"

"ఇన్నరన్నా. మొత్తం ఇన్నరు."

"మూడోది కూడా?"

"మూడోది కూడ."

"అయితే సరేలే. మొత్తం విని వద్దన్నారంటే తేడా నాలోనే ఉంది. ఎక్కడంటావ్? నువ్వు బాగా గమనిస్తావు కదా, చెప్పు."

అప్పుడు నేను చెప్పగలిగేవాణ్ణి. టేప్‌రికార్డర్ ఆయన మోచేతి పక్కనే ఉంది. బదులుగా నేను అన్నది ఇది.

"మీరు ముందుగాల అవతలోళ్ళ మాట చెప్తరు గదన్నా. గది మానెయ్యాలె. మన మాట మనం చెప్పుకుంటే చాలు."

"అంతేనంటావా," అన్నారు. "చిన్నప్పట్నుంచీ అలవాటైపోయింది. మానేస్తాలే."

మానేశారు. అదే నేను చేసిన అసలు తప్పు. టేపు ఆపినదాని కన్నా ఇది పెద్దది. ఓడిపోయినవాళ్ళు చాలామంది ఉంటారు, మళ్ళీ నిలబడతారు. ఆయన దగ్గరున్న అన్నిటికన్నా మంచి అలవాటును తప్పని చెప్పి ఆయన చేతనే తీయించేశాను. ఆ తర్వాత ఎక్కడ ఏ గొడవ వచ్చినా, నాకు తెలియదండి, మీరే చూసుకోండి అనేవారు. క్యాంపుకు రావడం కూడా తగ్గించి, తగ్గించి, మానేశారు. మొత్తం విని వద్దన్నవాళ్ళ దగ్గరికి ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలి అనుకుని ఉంటారు.

ఆ వేసవిలో లింబాద్రి పరంజా మీద నుంచి పడ్డాడు. కుడి మణికట్టు వాచింది. దయానందం గారు వస్తుంటే ఆ శుక్రవారమే పట్టి చూసి, విరిగింది, రేపు రా అనేవారు. ఆయన లేరు. బెణుకే అనుకుని క్యాంపులో ఎవరితోనో కట్టు కట్టించుకున్నాడు. చెయ్యి వంకరగా అతుక్కుంది. మేస్త్రీ పని పోయింది, ఇటుకలు అందించే పనిలో వేశారు. రోజూ పొద్దున్నే నా కిటికీలోకి కార్డు పట్టుకుని ఆ చెయ్యి వచ్చేది. కార్డు తీసుకుని, గుద్ది, అదే చేతికి తిరిగిచ్చేవాణ్ణి. నేను దుబాయ్ వదిలేదాకా, రెండేళ్ళ పాటు. ఒక్కసారి కూడా అతను నా మీద విసుక్కోలేదు. తెలిస్తే గదా.

చెప్పేద్దామని ఒకసారి ఆసుపత్రికి వెళ్ళాను. ఎక్స్‌రే గది బయట బల్ల మీద గంటసేపు కూర్చున్నాను. ఆయన బరువైన సీసం ఆప్రాన్‌తో బయటికి వచ్చి నన్ను చూసి కంగారుపడ్డారు. దెబ్బేమైనా తగిలిందా అని అడిగారు. లేదన్నా, ఇటు పోతూ వచ్చాను అన్నాను. టీ ఇప్పించారు. తాగి వచ్చేశాను. ఆయన్ని చూడటం అదే ఆఖరు. ఇప్పుడు ఎక్కడున్నారో తెలియదు, ఉన్నారో లేదో కూడా తెలియదు.

మొన్న మనవడు పాత టేప్‌రికార్డర్ బాగుచేయించి తెచ్చాడు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ క్యాసెట్ పెట్టాను. మూడో భాగాన్ని నింపిన రోజు విన్నానంతే, మళ్ళీ వినలేదు. గొంతు కాస్త సాగింది, మాటలు మాత్రం స్పష్టంగానే ఉన్నాయి. ఒక వారం అక్కడ, ఒక వారం ఇక్కడ, రెండు చోట్లా ఎవరో ఒకరికి ఇబ్బందే, ఇబ్బంది లేని చోటు ఈ ఎడారిలో మనకెక్కడుంది అన్నారు. చివర ఒక మాట అన్నారు. అది నాకు గుర్తే లేదు. 'ఇదంతా విన్నాక నాకు వెయ్యకపోయినా పర్లేదండి. విన్నారు కదా, నాకది చాలు.'

ఆ చాలన్నది కూడా ఆయనకు దక్కలేదు. దక్కిందని మాత్రం నేను నమ్మించాను.

మధ్యలో నిలబడ్డ మనిషి గెలవగలడా? ఎన్నికలు వచ్చినప్పుడల్లా టీవీలో ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతూనే ఉంటారు. నాకు ఇప్పటికీ తెలుసుకోవాలనే ఉంటుంది, ఆ దురద పోలేదు. నోటుపుస్తకంలో ఎనభై గీతలున్నాయి, డబ్బాలో పద్నాలుగు గింజలున్నాయి. నేను వేలు పెట్టకపోతే ఎన్ని ఉండేవి? తెలియదు. జవాబు తెలిసే అవకాశం ఒక్కటే ఉండేది, దాన్ని తవ్వి పాడుచేసింది నేనే.

మీకు మాత్రం మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఈసారి ఎక్కడా బటన్ నొక్కలేదు.